గిన్నె బోర్లించిన పిల్ల

ప్రతి మార్చిలోనూ కొత్త పిల్లలు మొదటిసారి యూనివర్సిటీ సంగీత స్టూడియోలోకి దిగినప్పుడు ప్రొఫెసర్ ప్యో గిహ్వాన్ ఒకే కథ చెప్పి నవ్వించేవాడు. ముప్పై ఏళ్లు చెప్పాడు. ఒక్క ఏడాది కూడా మానలేదు.

"చాలా ఏళ్ల కిందట ఇక్కడ ఒక పిల్ల ఉండేది" అని మొదలుపెట్టేవాడు. "చివరి పరీక్షకి టేపు తెచ్చింది. పెట్టి విన్నాం. పదకొండు నిమిషాలూ వెనక్కి తిప్పిన శబ్దాలే. ప్రతి చప్పుడూ సుయ్‌మని పీల్చుకుంటూ వచ్చి టక్కున తెగిపోతుంది. ఒకచోటో రెండుచోట్లో అయితే సరే అనుకోవచ్చు. మొత్తం అదే. నేనేమన్నానో తెలుసా? అమ్మాయ్, వంట రానివాళ్లు గిన్నె బోర్లిస్తే అది కొత్త వంటకం అయిపోతుందా, అన్నాను."

పిల్లలు విరగబడి నవ్వేవాళ్లు. అప్పుడు అతను గొంతు సవరించుకుని అసలు పాఠం చెప్పేవాడు. మిషను చేసే గమ్మత్తు వేరు, మనిషి చేసే సంగీతం వేరు అనేవాడు. పాఠం నిజమే. కథే అబద్ధం.

ఇందులో పాఠం ఒక్కటే గుర్తుపెట్టుకుని కథని మరిచిపోతే గిహ్వాన్‌ని గొప్ప గురువు అనవచ్చు. కొరియాలో దేగు నగరం అంతా అలాగే అంది. ఎనభై మూడులో జర్మనీ నుంచి రెండు పెద్ద టేపు మిషన్లు ఓడలో తెచ్చుకుని, యూనివర్సిటీలో పాత బొగ్గు గది శుభ్రం చేయించి స్టూడియో పెట్టింది అతనే. కరెంటుతో సంగీతమేమిటని సీనియర్ ప్రొఫెసర్లు వెక్కిరిస్తే పళ్లు బిగించి పాఠాలు చెప్పాడు. అతని దగ్గర నేర్చుకున్నవాళ్లు ఈ రోజు సియోల్‌లో సినిమాలకి శబ్దాలు చేస్తున్నారు, కాలేజీల్లో పాఠాలు చెబుతున్నారు. ఇక అరవై ఐదు నిండాయి. జూన్ చివర వీడ్కోలు సభ. సభ చివర అతని ఆఖరి పాఠం.

సభ కోసం పాత టేపులన్నిటినీ కంప్యూటర్లోకి ఎక్కించే పని దోగ్యం నెత్తినేసుకున్నాడు. అతను గిహ్వాన్ శిష్యుడు, ఇప్పుడు అదే స్టూడియోలో లెక్చరరు, ముప్పై ఆరేళ్లవాడు. సభకి రెండు వారాల ముందు ఒక ఉదయం అట్టపెట్టె ఒకటి చంకలో పెట్టుకుని గిహ్వాన్ గదిలోకి వచ్చాడు.

"సార్, ఒక్కసారి ఇది వినండి. ఏం మాట్లాడకుండా వినండి" అని చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించాడు.

రెండు జతల కర్రలు. గంజి పెట్టిన బట్టని రాతిపలక మీద పరిచి, ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరు ఆడవాళ్లు మడతలు పోయేలా కొడుతున్న చప్పుడు. ఆ చప్పుడు వినకుండా పెరిగినవాడు గిహ్వాన్ వయసు వాళ్లలో లేడు. ఎడమ చెవిలో ఒకరు, కుడి చెవిలో ఒకరు. ఒకరి దెబ్బ సందులో ఒకరి దెబ్బ. వాటి అడుగున సన్నగా, మిషన్లో పుట్టిన స్వరాలు, ప్రతి దెబ్బ తర్వాతా ఆవిరిలా లేచి చల్లారుతున్నాయి. ఏడో నిమిషంలో ఎడమ కర్రలు నెమ్మదించాయి. తడబడ్డాయి. ఆగిపోయాయి. కుడి కర్రలు మాత్రం ఆ సందులు అలాగే వదిలిపెట్టి కొడుతూ పోయాయి. ఎవరూ లేని సందులు.

"ఎవరిదో తెలుసా సార్? పెట్టె మీద బాంగ్ సునొక్ అని ఉంది, ఎనభై ఎనిమిది. మన షెల్ఫులో ముప్పై ఏళ్లు దుమ్ము కొట్టుకుపోయింది. మీ సభలో ఇది వినిపించకపోతే పాపం తగుల్తుంది" అన్నాడు దోగ్యం.

గిహ్వాన్ హెడ్‌ఫోన్లు తీసి పెట్టె వైపు చూశాడు. మూత మీద ఎర్ర పెన్సిలుతో పెద్ద అక్షరాలు: తోక బయట ఉంది. వెనక్కి చుట్టి వెయ్యండి.

"సార్, మీరు మార్చిలో చెప్పే అమ్మాయి ఈవిడేనా? ఇదీ సరిగ్గా పదకొండు నిమిషాలే" అని దోగ్యం అమాయకంగా అడిగాడు.

"కాదు. అది వేరే పిల్ల."

"అనుకున్నా. ఇందులో వెనక్కి తిప్పిన ముక్క ఒక్కటీ లేదు. నేను ఆవిడకి ఫోన్ చేశాను సార్, పాత విద్యార్థుల జాబితాలో నంబరు దొరికింది. సభలో వినిపిస్తామంటే, ముందు మీ సార్‌ని అడుగు అంది. అంతే అంది. కొంచెం పెళుసు మనిషిలా ఉంది."

గిహ్వాన్ ఆలోచించి చెబుతానన్నాడు. దోగ్యం వెళ్లాక తలుపు గడియ పెట్టుకున్నాడు. గదిలో ఎవరూ లేకపోయినా అతని చెవులు ఎర్రబడ్డాయి.

ఆ తోక సంగతి నేర్పింది అతనే. టేపు చుట్టలో నెలల తరబడి పొర మీద పొర పడి ఉంటే గట్టి శబ్దం పక్క పొరకి కొంచెం అంటుకుంటుంది. పాట మొదలు బయటికి ఉంచి చుడితే, అంటుకున్న ఆ మరక అసలు శబ్దానికి ముందే వినిపిస్తుంది. చివర బయటికి ఉంచి చుడితే అది తర్వాత వచ్చి ప్రతిధ్వనిలో కలిసిపోతుంది. కాబట్టి తోక బయటికి ఉంచి దాచండి, వినేముందు వెనక్కి చుట్టుకోండి అని పిల్లల ప్రాణం తీసేవాడు. పాట తలకి తెల్ల టేపు ముక్క, తోకకి ఎర్ర ముక్క అతికించమనేవాడు. పిల్లలు సరే సార్ అనేవాళ్లు, అటు తిరిగి మరిచిపోయేవాళ్లు.

ఎనభై ఎనిమిదిలో ఆ చివరి పరీక్ష రోజు సియోల్ నుంచి ఇద్దరు పెద్ద ప్రొఫెసర్లు వచ్చారు. పరీక్షలప్పుడు ఆ మిషన్ల మీద ఇంకెవరినీ చెయ్యి వెయ్యనిచ్చేవాడు కాదు గిహ్వాన్. ప్రతి పిల్లవాడి టేపూ తనే ఎక్కించాడు, పెద్దల వైపు తిరిగి జర్మనీ కబుర్లు చెబుతూ, చూపు అటు తిప్పకుండా, వేళ్లతోనే. చూశారా, కళ్లు మూసుకుని ఎక్కిస్తాను అన్నట్టు. మిగతా అందరూ రూలు గాలికొదిలి తల బయటికి ఉన్న టేపులే తెచ్చారు, అవన్నీ సరిగ్గానే పలికాయి. గురువు చెప్పింది తు.చ. తప్పకుండా పాటించింది ఒక్క సునొక్. ఆమె టేపు తోక నుంచి పలికింది.

మొదటి నిమిషంలోనే ఆమె లేచింది. "సార్..." అంది.

"కూర్చో. టేపు మాట్లాడాలి, నువ్వు కాదు" అన్నాడు. అది కూడా అతని రూలే. పరీక్షలో విద్యార్థి నోరు విప్పకూడదు. మూడో నిమిషంలో మళ్లీ లేచింది. సియోల్ పెద్దల్లో ఒకాయన విసుగ్గా చూశాడు. గిహ్వాన్ వేలితో కూర్చోమన్నాడు.

టేపు అయిపోతుండగా గిన్నె మాట అన్నాడు. పెద్దలిద్దరూ భళ్లున నవ్వారు. గది నవ్వింది. సరిగ్గా ఆ నవ్వు మధ్యలో మిషను మీద నుంచి తెల్ల ముక్క జారిపోవడం చూశాడు. తెల్లది చివర్న వచ్చింది. పక్కన పెట్టె మూత మీద ఎర్ర అక్షరాలు కూడా అప్పుడే కనిపించాయి.

ఒక్క మాట చాలు. అయ్యయ్యో, తిరగేసి ఎక్కించాను, మళ్లీ వేస్తాను అంటే ఒక పావుగంట నామోషీ. అంతకు మించి ఏమీ కాదు. కానీ నవ్వుతున్న పెద్దమనుషుల ఎదుట ఆ పావుగంట అతనికి కొండంత అయింది. ఒక పిల్ల బతుకు అంత బరువుగా కనిపించలేదు. సున్నా చుట్టాడు. అందరూ వెళ్లాక ఆ టేపుని తనే జాగ్రత్తగా మళ్లీ మొదట్లా చుట్టి, ఎర్రది బయటికి ఉంచి, పెట్టెలో పెట్టి పై అరలోకి నెట్టాడు. తప్పు జరిగిన ఆనవాలు లేకుండా చేశాడు. సునొక్ మళ్లీ పరీక్షకి రాలేదు. మరుసటి మార్చిలో అతను ఆ కథ మొదటిసారి చెప్పాడు. అప్పటికి అది ఆమె తప్పు అని తనకే నచ్చజెప్పుకోవాల్సిన అవసరం ఉంది. చెప్పగా చెప్పగా నమ్మకం కుదిరింది.

రెండు రోజులు దోగ్యం కంటపడకుండా తిరిగాడు. మూడో రోజు పాత విద్యార్థుల జాబితాలో సునొక్ అడ్రసు చూసుకుని, పచ్చటి దోసపండ్ల పెట్టె ఒకటి పట్టుకుని ఆమె ఊరు గిమ్‌చన్‌కి రైలెక్కాడు.

స్టేషన్ వెనక సందులో వండిన కూరలు అమ్మే దుకాణం. ఉప్పుచేపల వాసన, నువ్వుల నూనె వాసన. ఒక కస్టమరు బేరం చేస్తోంది. "పిన్నీ, ఈ ముల్లంగి కిమ్చీ నిన్నటిదా, ఇవాళ్టిదా?"

"నిన్నటిది. ఇవాళ్టిది పట్టుకెళ్లి పచ్చిగా ఉందని రేపొచ్చి నా మీద పడతావు. అదే తీసుకో."

కస్టమరు వెళ్లాక ఆమె తలెత్తింది. పొట్టి జుట్టు, రబ్బరు చేతి తొడుగులు, యాభై నాలుగేళ్ల మొహం.

"రండి సార్. జుట్టు పోయిందిగానీ మనిషి మీరే. ఆ స్టూలు మీద కూర్చోండి, ఒక కాలు పొట్టిది, కాస్త చూసుకోండి."

కూర్చున్నాడు. ఆమె బార్లీ టీ గ్లాసు పెట్టి మళ్లీ ఉడికిన పాలకూర పిండడంలో పడింది. "పియానో స్కూలు నడిపాను ఇరవై ఏళ్లు. ఊళ్లో పిల్లలే పుట్టడం మానేస్తే పియానో ఎవరు నేర్చుకుంటారు? అందుకని ఇది" అంది, అతను అడగకుండానే.

"దోగ్యం ఫోన్ చేశాడటగా."

"ఆఁ. బుద్ధిమంతుడు. పెట్టె మీద రాసింది చదివాడు."

గిహ్వాన్ గ్లాసు కింద పెట్టాడు. "ఆ రోజు నేను... నాకు అప్పుడు తెలియలేదమ్మా. తర్వాత ఎప్పుడో..."

"సార్" అంది ఆమె. గొంతు పెంచలేదు. "తెల్ల ముక్క వచ్చినప్పుడు మీ చెయ్యి ఆగింది. గదిలో అందరూ మీ మొహం చూసి నవ్వుతున్నారు. నేను మీ చేతినే చూస్తున్నాను."

ముప్పై ఏళ్లుగా అతనికి ఉన్న ఒకే ఒక్క ఊరట ఏమిటంటే, అది ఎవరికీ తెలియదన్నది. అదీ పోయింది. బట్టలిప్పి వీధిలో నిలబెట్టినట్టయింది.

"మరి చెప్పలేదేం? తర్వాతైనా వచ్చి అడగాల్సింది."

"ఎవర్ని? మీ మీద మీకే ఫిర్యాదు చెయ్యాలా?" పాలకూరలో నువ్వులు చల్లింది. "అది అలా ఉంచండి. నా దగ్గర పియానో నేర్చుకున్న పిల్ల ఒకత్తి మీ డిపార్టుమెంటులో చేరింది. సెలవుల్లో వచ్చి, టీచర్, మా ప్రొఫెసర్ భలే జోకు చెప్పాడు అంటూ గిన్నె కథ చెప్పింది. పడీ పడీ నవ్వింది. నేనేం చెయ్యను? నేనూ నవ్వాను. ఇప్పుడు రోజుకి నలభై గిన్నెలు బోర్లిస్తున్నాను సార్, కడిగాక."

గిహ్వాన్ స్టూలు మీద నుంచి దిగి మోకాళ్ల మీద కూర్చోబోయాడు.

"లేవండి సార్. నేలంతా చేపల నీళ్లు. ప్యాంటు పాడైతే ఇంట్లో మేడంగారు ఎక్కడికెళ్లారని అడుగుతారు, మళ్లీ ఏదో అబద్ధం చెప్పాలి."

లేచాడు. మోకాలు అప్పటికే తడిసింది.

"క్షమించమని అడగడానికి వచ్చాను."

"అది తెలుస్తూనే ఉంది. ఆ పండ్ల పెట్టె చూస్తే తెలియడం లేదూ?" ఆమె తొడుగులు విప్పి అతని వైపు తిరిగింది. "ఇక్కడ ఎవరున్నారు సార్? నేనూ, ఈ కూరలూ. మేమేమీ నవ్వలేదు. నవ్వినవాళ్లున్న చోట చెప్పండి."

"సభ రోజు రెండు వందల మంది ఉంటారు. డీన్ ఉంటాడు. నా శిష్యులంతా..."

"వాళ్లే. ముప్పై మార్చిలు నవ్వారుగా. చెబితే నా టేపు వెయ్యండి. చెప్పకపోతే మళ్లీ పై అరలో పెట్టేయండి, దానికి అలవాటే. ఆ రోజు నేను రాను. శనివారం దుకాణం మూస్తే కూరలు పాడవుతాయి. పండ్లు అక్కడ పెట్టి వెళ్లండి. మీరు చెప్పారని తెలిశాక కోస్తాను."

సభ మధ్యాహ్నం రెండింటికి. హాలు ద్వారం పొడుగునా పూల స్టాండ్లు, వాటి మీద సిల్కు పట్టీలు, పట్టీల మీద శిష్యుల పేర్లు. జ్ఞాపిక ఇచ్చారు. డీన్ పొగిడాడు, సియోల్ నుంచి వచ్చిన శిష్యులు పొగిడారు. ఒక్కొక్క పొగడ్త పడుతున్నకొద్దీ గిహ్వాన్ కుర్చీలో కుంచించుకుపోయాడు. చెప్పకుండా తప్పించుకునే దారులు అప్పటిదాకా వెతుకుతూనే ఉన్నాడు. ఇంత మంచి రోజు వాళ్లకెందుకు పాడుచెయ్యాలి అనుకున్నాడు. ఉత్తరం రాస్తే సరిపోదా అనుకున్నాడు. పిరికివాడికి ఇతరుల సుఖం మీద ఎక్కడ లేని శ్రద్ధ పుట్టుకొస్తుంది.

మైకు ముందుకి వచ్చాడు. పక్కన బల్ల మీద పాత టేపు మిషను ఉంది, అలంకారానికి పెట్టారు. అట్టపెట్టె తనే తెచ్చుకున్నాడు.

"చాలా ఏళ్ల కిందట ఇక్కడ ఒక పిల్ల ఉండేది" అన్నాడు.

హాలు గొల్లుమంది. అందరికీ తెలిసిన కథ. వెనక వరుసలో ఎవరో చప్పట్లు కొట్టారు.

"చివరి పరీక్షకి టేపు తెచ్చింది. పెట్టి విన్నాం."

"గిన్నె బోర్లిస్తే!" అని నాలుగైదు గొంతులు ఒక్కసారే అరిచాయి. మళ్లీ నవ్వులు. యాభై ఏళ్లవాళ్లు, పాతికేళ్లవాళ్లు, అందరూ ఒకే నవ్వు. ఆ నవ్వు తను నేర్పిందే. ఒక రాగానికి ఎదురు రాగం కట్టే కౌంటర్‌పాయింట్ నేర్పినంత శ్రద్ధగా నేర్పాడు.

"ఆ టేపు ఎక్కించింది నేను" అన్నాడు.

నవ్వారు. కథకి ఇది కొత్త తోక అనుకున్నారు.

"పెట్టె మీద ఏం రాసుందో చూడలేదు. తోక బయట ఉందని రాసింది. నేను చెప్పినట్టే చేసింది, అందరిలో ఆ పిల్ల ఒక్కతే. నేను తోక నుంచి ఎక్కించాను. చివర్న తెల్ల ముక్క వచ్చింది."

ఆ రంగుల అర్థం తెలిసిన పాత శిష్యులు ముందు ఆగిపోయారు. కుర్రవాళ్లు ఇంకా నవ్వుతూ, పక్కవాళ్ల మొహాలు చూసి ఒక్కొక్కరే ఆగారు. ఎవరో ఒక్కడు మాత్రం ఆగలేక ఇంకొంచెం నవ్వి దగ్గాడు.

"తెల్ల ముక్క నేను చూశాను. చూసి ఊరుకున్నాను. సున్నా వేశాను. ఆమె పేరు బాంగ్ సునొక్. ముప్పై ఏళ్లు ఆమె మీద మిమ్మల్ని నవ్వించాను."

ఇంకా ఏదో చెప్పాలని రాసుకొచ్చాడు. కాగితం జేబులోనే ఉండిపోయింది. పెట్టె తెరిచి చుట్ట తీశాడు. ఎర్ర చివర బయటికి ఉంది. దోగ్యం పక్క నుంచి లేచి, "సార్, కంప్యూటర్లో సిద్ధంగా ఉంది, నొక్కితే చాలు" అని గొణిగాడు. గిహ్వాన్ తల అడ్డంగా ఊపాడు. ఈసారి కళ్లు పెట్టి చూస్తూ ఎక్కించాడు. టేపు రెండుసార్లు జారింది. వెనక్కి చుట్టే మీట నొక్కాడు.

మిషను గీమంటూ తిరిగింది. ఒకటిన్నర నిమిషం. రెండు వందల మంది ఎదుట ఏ పనీ లేకుండా, ఏ మాటా లేకుండా నిలబడితే ఒకటిన్నర నిమిషం ఎంతో అప్పుడు తెలిసింది. ఎవరూ అతని వైపు చూడలేదు. డీన్ కార్యక్రమ పత్రాన్ని మడతపెడుతూ కూర్చున్నాడు. తెల్ల ముక్క వచ్చి పటపటా కొట్టుకుంది. ఆపాడు. మళ్లీ ఎక్కించాడు. నొక్కాడు.

కర్రలు మొదలయ్యాయి.

తర్వాత విందు ఉండాలి. సగం మంది పనులున్నాయని వెళ్లిపోయారు. ఒక పాత సహోద్యోగి చెయ్యి నొక్కి, "ఎందుకయ్యా, చివరి రోజున. హాయిగా వెళ్లిపోక" అన్నాడు. సియోల్ శిష్యురాలు ఒకామె ఏడ్చి, వంగి దండం పెట్టి వెళ్లిపోయింది. ఆ దండం ఎవరికో గిహ్వాన్‌కి అర్థం కాలేదు.

దోగ్యం మిషను వైర్లు చుడుతున్నాడు. తలెత్తకుండానే అడిగాడు. "ఆ రోజు ఈవిడేనా అని నేనడిగితే, వేరే పిల్ల అన్నారు కదా సార్."

"అన్నాను."

"అది ముప్పై ఏళ్ల కిందటిది కాదు. రెండు వారాల కిందటిది."

"అవును."

దోగ్యం వైరు చుట్టడం పూర్తిచేసి సంచిలో పెట్టుకున్నాడు. ఎప్పటిలా కారు దాకా సాగనంపలేదు.

గిహ్వాన్ మెట్ల మీద కూర్చుని గిమ్‌చన్‌కి ఫోన్ చేశాడు. చాలాసేపు మోగాక ఎత్తింది. వెనక ఎవరో చేపల కూర గురించి అడుగుతున్నారు.

"చెప్పాను" అన్నాడు.

"నవ్వారా?"

"ముందు నవ్వారు."

"నవ్వుతారు. తర్వాత?"

"తర్వాత విన్నారు."

అటు కత్తి చెక్క మీద పెట్టిన చప్పుడు వచ్చింది.

"మా నాయనమ్మ కర్రలు ఎడమవైపే వచ్చాయా సార్? ఆ రోజు మీరు తిరగేసి వేస్తే కుడివైపుకి పోయాయి. అక్కడ కూర్చునేది అమ్మ."

"ఎడమవైపే" అన్నాడు గిహ్వాన్. "ఏడో నిమిషంలో ఆగిపోయింది."

"ఆఁ. ఏడో నిమిషమే" అంది సునొక్. "ఉంటాను సార్, మనుషులు నిలబడ్డారు."